రాయలసీమ ఇళ్లలో డీడీ ఫ్రీ డిష్ సిగ్నల్‌ను సరిగా పట్టుకోవడం ఎలా

ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నమ్మ గత ఏడాది ఒక అంగడిలో ఇంట్లో పెట్టుకునే డిజిటల్ యాంటెనా కొన్నది. కాగితమంత పలుచగా ఉండే ఆ యాంటెనాను కిటికీకి అంటించి, టీవీకి తగిలించి, మూడు రోజులపాటు ఇల్లంతా మార్చి మార్చి పెట్టి చూసింది. ఒక్క ఛానెల్ కూడా రాలేదు. నేను వెళ్లినప్పుడు, "ఇంత దుడ్డు పెట్టి కొంటే ఒక్క బొమ్మా రాలేదే నాయనా, నేనేమైనా తప్పుగా పెట్టినానా?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. అమ్మిన మనిషి చెప్పవలసిన మాట చెప్పలేదు. ఆ మాట ఏమిటో ముందు చెప్పి, ఆ తరువాత మన ప్రాంతంలో ఏది పనిచేస్తుందో, దానిని చక్కగా ఎలా అమర్చుకోవాలో వివరిస్తాను.

కిటికీకి అంటించే యాంటెనా నేల మీది ప్రసార స్తంభం నుంచి వచ్చే సిగ్నల్‌ను మాత్రమే అందుకోగలదు. ఒకప్పుడు మన జిల్లాల్లోని రిలే కేంద్రాల నుంచి అటువంటి సిగ్నల్ వచ్చేది. మిద్దెల మీద చేపముల్లు ఆకారంలో ఉండే యాంటెనాలు అందుకోసమే ఉండేవి. ఆ పాత అనలాగ్ ప్రసారాలను ప్రసార భారతి 2022 మార్చి నాటికి దేశమంతటా దాదాపుగా ఆపివేసింది. నేల మీది డిజిటల్ ప్రసారాన్ని దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో మొదలుపెట్టింది గాని, ఆ జాబితాలో మనకు దగ్గరగా ఉన్నవి బెంగళూరు, చెన్నై మాత్రమే. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు, కడప నుంచి చెన్నై అంతకన్నా ఎక్కువ దూరం. ఇటువంటి ప్రసారం మామూలుగా అందేది కొన్ని పదుల కిలోమీటర్ల వరకే. కాబట్టి కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో అటువంటి యాంటెనాను గోడకు పెట్టినా, కిటికీకి పెట్టినా, దానికి బూస్టర్ తగిలించినా ప్రయోజనం ఉండదు. లేని సిగ్నల్‌ను పెంచే పరికరం ఎక్కడా లేదు.

నెలవారీ రుసుము లేకుండా మన దగ్గర టీవీ చూడాలంటే ఉన్న దారి డీడీ ఫ్రీ డిష్, అంటే మిద్దె మీది చిన్న డిష్‌తో అందుకునే దూరదర్శన్‌వారి ఉచిత ఉపగ్రహ సేవ. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైన ఈ సేవ ఇప్పుడు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తున్నది. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్లిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉంటుంది. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరితో పాటు దూరదర్శన్‌వారి ఇతర ఛానెళ్లు, ఆకాశవాణి కేంద్రాలు, కొన్ని ప్రైవేటు ఛానెళ్లు దీనిలో వస్తాయి. ప్రైవేటు తెలుగు ఛానెళ్లన్నీ ఇందులో దొరుకుతాయని ఆశపడవద్దు. ఆ సంగతి తెలిసి కొంటే నిరాశ ఉండదు.

ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ చూడడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. అప్పుడు ఇనుప కోళ్లవలతో చేసిన 3 మీటర్ల వెడల్పు డిష్‌లు వాడారు. ఈనాటి 60 సెంటీమీటర్ల డిష్ దానికి వారసురాలే. అయితే డిష్ చిన్నదైనకొద్దీ పొరపాటుకు చోటు ఉండదని కాదు. చిన్న డిష్ కొంత విశాలంగానే చూస్తుంది. కాని అది పోగుచేసే శక్తి తక్కువ గనుక, సరిగ్గా గురి కుదరని డిష్ ఎండనాడు పనిచేస్తుంది, వానరాగానే చేతులెత్తేస్తుంది.

ఇక దిక్కు విషయం. మన మూడు పట్టణాల నుంచి చూస్తే ఈ ఉపగ్రహం దాదాపు సరిగ్గా ఆగ్నేయంలో ఉంటుంది. ఉత్తరం నుంచి సవ్య దిశలో లెక్కిస్తే కర్నూలులో సుమారు 135 డిగ్రీలు, కడపలో 134, అనంతపురంలో 132. వంటిల్లు ఏ మూల ఉండాలని ఇల్లు కట్టేటప్పుడు పెద్దలు చెబుతారో ఆ మూలే మన డిష్ చూడవలసిన మూల. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో మిద్దె నడుమ నిలబడి వంటింటి మూల వైపు ముఖం తిప్పితే తొలి అంచనా కుదిరినట్టే. ఫోనులోని దిక్సూచిని కూడా వాడవచ్చు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడా ఒక డిగ్రీ ప్రాంతంలోనే ఉంటుంది కనుక దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. కాని మిద్దె మీద బయటికి వచ్చిన స్తంభాల కమ్ములు, నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు, డిష్ గొట్టం దగ్గర దిక్సూచి పక్కకు లాగుతుంది. అందువల్ల నాలుగైదు అడుగులు దూరం జరిగి దిక్కు చూసుకుని, ఆ దిశలో దూరాన కనిపించే ఒక చెట్టునో, స్తంభాన్నో, గోపురాన్నో గుర్తు పెట్టుకోవడం మేలు.

ఎత్తు కోణం నేల మట్టం నుంచి కర్నూలులో 64, అనంతపురంలో 65, కడపలో 66 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇది చాలా ఎత్తు. నెత్తి మీది ఆకాశానికీ నేల అంచుకూ మధ్య మూడింట రెండు వంతుల కన్నా పైన. ఇది మనకు పెద్ద సౌకర్యం, ఎందుకంటే పక్కింటి మేడ మన డిష్‌కు అడ్డం రావడం అరుదు. లెక్క సులువుగా ఉంటుంది: ఆగ్నేయ దిశలో ఉన్న అడ్డు డిష్ కన్నా ఎంత ఎత్తు ఉందో, అందులో సగం దూరం మధ్యలో ఉంటే చాలు. 10 అడుగులు ఎక్కువ ఎత్తున్న గోడకు 5 అడుగుల దూరం, 20 అడుగులు ఎక్కువ ఎత్తున్న వేపచెట్టు కొమ్మకు 10 అడుగుల దూరం. చెట్టు విషయంలో మాత్రం రెండు మూడు ఏళ్ల పెరుగుదలను కూడా కలుపుకోండి. ఆకురాలు కాలంలో బాగా వచ్చిన సిగ్నల్ చైత్రం చిగుళ్లతో పోయిందని వాపోయిన ఇళ్లు నేను చూశాను.

అడ్డు ఉందా లేదా అన్నది తేల్చుకోవడానికి సూర్యుడిని మించిన పరికరం లేదు. ఏటా మార్చి 13, 14 తేదీల ప్రాంతంలో ఉదయం 11 గంటల 15 నిమిషాలకు, మళ్లీ సెప్టెంబరు 29, 30 తేదీల ప్రాంతంలో 10 గంటల 55 నిమిషాలకు, మన ఊళ్ల నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనుకకు వస్తాడు. ఆ సమయంలో డిష్ పెట్టదలచిన చోట ఎండ పడుతూ ఉంటే దారి తెరిచి ఉన్నట్టు. నీడ ఉంటే ఆ నీడ దేనిదో అదే అడ్డు. అప్పటికే బిగించిన డిష్ అయితే ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు చేయి చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే పరికరం) నీడ డిష్ మీద ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకుంటే, ఎప్పుడైనా గాలికి కదిలినప్పుడు మరుసటి మార్చిలో సరిచూసుకోవచ్చు. ఆ రోజుల్లో అదే వేళకు కొద్ది నిమిషాలపాటు బొమ్మ ఆగిపోతే కంగారు పడి డిష్‌ను కదపకండి. సూర్యుడి నుంచి వచ్చే రేడియో శక్తి ఉపగ్రహం సిగ్నల్‌ను ముంచివేయడం వల్ల అలా జరుగుతుంది. దానంతటదే సరి అవుతుంది.

అపార్ట్‌మెంటులో ఉండి, బాల్కనీ తప్ప మరో చోటు లేనివారికి ఇదే ఎత్తు కోణం ఇబ్బంది అవుతుంది. బాల్కనీ ఆగ్నేయానికి, తూర్పుకు లేదా దక్షిణానికి తెరిచి ఉన్నా, పై అంతస్తు బాల్కనీ అడ్డం వస్తుంది. పై శ్లాబుకు 7 అడుగుల దిగువన డిష్ ఉంటే, ఆగ్నేయ దిశలో కొలిచినప్పుడు డిష్ నుంచి శ్లాబు అంచు మూడు అడుగులకు మించి ఉండకూడదు. కాబట్టి డిష్‌ను ఎంత కిందికి, ఎంత బయటికి పెడితే అంత మంచిది. గది లోపల, కిటికీ అద్దం వెనుక పెడితే పనిచేయదు.

డిష్‌ను నిలబెట్టడం గురించి మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. కాంక్రీటు మిద్దె అయితే పిట్టగోడకు గాని, శ్లాబుకు గాని యాంకర్ బోల్టులతో బిగించవచ్చు. కడప బండలు పరిచిన మిద్దె, పాత మట్టి మిద్దె అయితే డ్రిల్లు ముట్టించకండి. బండ మధ్యలో రంధ్రం వేస్తే పగులు బండ పొడవునా పోతుంది, లేదా మొదటి వానకు ఆ రంధ్రం దగ్గర ఉరుస్తుంది. మట్టి మిద్దెలో బోల్టుకు పట్టే ఉండదు. అటువంటి ఇళ్లలో పాత గమేలాలోనో, సగానికి కోసిన డ్రమ్ములోనో ఇనుప గొట్టాన్ని నిటారుగా నిలిపి, చుట్టూ కాంక్రీటు పోసి ఆరనిచ్చి, దాని మీద డిష్‌ను బిగించడం క్షేమం. మట్టి మిద్దె మీద ఆ బరువును దూలం నడుస్తున్న చోట, గోడకు దగ్గరగా ఉంచాలి. బరువులో పిసినారితనం పనికిరాదు. గంటకు 100 కిలోమీటర్ల గాలి వీచినప్పుడు 60 సెంటీమీటర్ల డిష్ మీద 15 కిలోలకు పైగా బలం పడుతుంది. వేసవి చివర సాయంత్రాల్లో ధూళితో వచ్చే గాలివాన ఎటువంటిదో మనకందరికీ తెలుసు.

గొట్టం నిటారుగా ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. గొట్టం వంగి ఉంటే డిష్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, గంటల తరబడి వెదికినా ఉపగ్రహం దొరకదు. మేస్త్రీలు వాడే తూకం గుండునో, రసమట్టాన్నో పెట్టి రెండు వైపులా సరిచూసుకోండి. మిద్దె వాలును నమ్మకండి. నీరు పోవడానికి ప్రతి మిద్దెకూ వాలు ఉంటుంది. బట్టలారేసే దండేనికీ, వడియాలు పోసే చోటికీ దూరంగా పెట్టుకోవాలి. తడి చీర ఒకటి డిష్ ముందు ఆరేస్తే సిగ్నల్ పోతుంది, దండెం కొసను డిష్ కమ్మీకి కట్టే అలవాటు ఉంటే గురి రోజురోజుకూ జారిపోతుంది. కరెంటు తీగలకు దగ్గరగా మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు.

ఇంట్లో పాత ప్రైవేటు సంస్థ డిష్ వాడకం లేకుండా పడి ఉంటే కొత్తది కొననక్కరలేదు. సొట్టలు పడకుండా, తుప్పు తినకుండా ఉన్న 60 సెంటీమీటర్ల డిష్ ఏ సంస్థదైనా ఒకటే. ఎల్‌ఎన్‌బి మీద మాత్రం 9750, 10600 అనే అంకెలు ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే వాడుకోవచ్చు. డిష్ మీద దుమ్ము పేరుకోవడం వల్ల సిగ్నల్ తగ్గదు కాని, సొట్ట వల్ల తగ్గుతుంది. ఎందుకంటే దాని వంపు మారితే కిరణాలు ఎల్‌ఎన్‌బి నోటి దగ్గర కలవవు.

మనం వాడే డిష్‌లలో ఎల్‌ఎన్‌బి నడిమధ్యన కాక కింది వైపు చేయి మీద ఉంటుంది. ఆ అమరిక వల్ల డిష్ ముఖం చూస్తున్నట్టు కనబడే దిశకన్నా సుమారు 22 నుంచి 26 డిగ్రీలు పైకి అది నిజంగా చూస్తుంది. దీనిని గ్రహించక చాలామంది డిష్‌ను మరీ ఆకాశం వైపు పడుకోబెడతారు. మన దగ్గర డిష్ ముఖం నిటారు నుంచి సుమారు 40 డిగ్రీలు వెనక్కు వాలితే చాలు. డిష్ వెనుక క్లాంపు మీద అంకెలు చెక్కి ఉంటే వాటిలో 64 లేదా 65 దగ్గర పెట్టండి. సాధారణంగా ఆ అంకెలు ఈ తేడాను కలుపుకొనే ఉంటాయి. అంకెలు లేకపోతే డిష్ పై అంచుకూ కింది అంచుకూ ఆనించి ఒక కర్ర పెట్టి, దాని మీద ఫోనులోని వాలు కొలిచే సదుపాయంతో చూసుకోవచ్చు.

ఎల్‌ఎన్‌బిని దాని పట్టులో తిప్పవలసి ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఉపగ్రహం మనకు సూటిగా దక్షిణాన ఉంటే ఎల్‌ఎన్‌బి నిటారుగా ఉంటే సరిపోయేది. అది మనకు 15 డిగ్రీల రేఖాంశం తూర్పున ఉండడం, మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలు ఊగే నిలువు దిశ మన నిలువు కన్నా దాదాపు 45 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. దిల్లీవారు చెప్పిన అమరికను మనం అలాగే అనుసరిస్తే సిగ్నల్ కొంత తగ్గుతుంది. డిష్ వెనుక నిలబడి ఆకాశం వైపు చూస్తూ, ఎల్‌ఎన్‌బిని ముందుగా అపసవ్య దిశలో సుమారు 40 డిగ్రీలు తిప్పి పెట్టి ప్రారంభించండి. కచ్చితమైన చోటును చివరలో తేల్చుకోవచ్చు.

ఇక డిష్ వైరుకూ టీవీకీ మధ్య ఉండే సెట్-టాప్ బాక్సు. పాత ఎంపెగ్-2 రకం బాక్సులో కొన్ని ఛానెళ్లే కనిపిస్తాయి, కొత్తగా కొనేవారు ఎంపెగ్-4 బాక్సునే అడగండి. టీవీ వివరాల్లో డీవీబీ-ఎస్2 అని ఉంటే బాక్సు లేకుండా వైరును నేరుగా టీవీకి కూడా తగిలించవచ్చు. వైరు తగిలించే ముందు బాక్సును స్విచ్చి దగ్గర ఆపండి. వైరులో ఎల్‌ఎన్‌బి కోసం 13 లేదా 18 వోల్టులు వెళుతుంటాయి, వైరు లోపల చుట్టూ ఉండే జాలీ తీగ నడిమి తీగకు తగిలితే బాక్సు పాడయ్యే ప్రమాదం ఉన్నది. తరువాత మెనూలో ఉపగ్రహం పేరు జీశాట్-15 లేదా 93.5 తూర్పు, ఎల్‌ఎన్‌బి రకం 9750-10600 లేదా యూనివర్సల్, ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500 అని పెట్టుకోండి. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంగ్త్, ఇంకొకటి క్వాలిటీ.

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఈ రెండు గీతలే. స్ట్రెంగ్త్ అనేది వైరు గుండా ఎంతో కొంత శక్తి వస్తున్నదని మాత్రమే చెబుతుంది. ఎల్‌ఎన్‌బికి కరెంటు అందితే చాలు, డిష్ నేల వైపు చూస్తున్నా ఆ గీత సగం దాకా నిండుతుంది. క్వాలిటీ గీత కదిలినప్పుడే మనకు కావలసిన ప్రసారం బాక్సుకు అర్థమవుతున్నట్టు. బిగించడానికి వచ్చే కుర్రవాళ్లు కూడా "స్ట్రెంగ్త్ ఎనభై ఉందన్నా, డిష్ బాగుంది, టీవీలోనే ఏదో ఉంది" అని చెప్పి వెళ్లిపోవడం నేను విన్నాను. ఆ మాట విని టీవీని మరమ్మతుకు తీసుకుపోయినవారు ఉన్నారు. దయచేసి క్వాలిటీని చూసి మాత్రమే పని ముగించండి.

గురి పెట్టడానికి ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు మిద్దె మీద, ఒకరు టీవీ ముందు ఉండి ఫోనులో వీడియో కాల్ పెట్టుకుని తెరను చూపిస్తే కేకలు వేసుకునే అవసరం ఉండదు. ఎత్తును 64 దగ్గర కొద్దిగా బిగించి, డిష్‌ను తూర్పు వైపు నుంచి దక్షిణం వైపు మెల్లగా తిప్పుతూ రావాలి. బాక్సు సిగ్నల్‌ను గుర్తించడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. ఆపకుండా తిప్పితే ఉపగ్రహాన్ని దాటిపోయాక గాని గీత కదలదు, అప్పటికి మనం ఇంకెక్కడో ఉంటాం. ఈ డిష్‌లో ఒక డిగ్రీ అంటే అంచు దగ్గర దాదాపు 5 మిల్లీమీటర్ల కదలిక. కాబట్టి ఒక కందిగింజంత కదిపి, మూడు లెక్కపెట్టి, మళ్లీ కదపండి. ఒక వరుసలో దొరకకపోతే ఎత్తును ఒక డిగ్రీ పెంచి మళ్లీ మొదటి నుంచి రండి. ఆ తరువాత ఒక డిగ్రీ తగ్గించి చూడండి. ఓపికగా చేస్తే అయిదారు వరుసల్లో తప్పక దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన ఉపగ్రహానికి పక్కనే, 95 డిగ్రీల వద్ద, మరొక డీటీహెచ్ సంస్థ వాడుకునే ఉపగ్రహాలు ఉన్నాయి. చేతిలో పట్టుకునే చిన్న సిగ్నల్ ఫైండర్ వాటికి కూడా అలాగే కూస్తుంది, ఏది ఏదో చెప్పదు. ఛానెళ్లు వెదికితే డీడీ నేషనల్, డీడీ సప్తగిరి పేర్లు రాకుండా ఏవో తాళం వేసిన ఛానెళ్ల పేర్లు వస్తే మీరు అక్కడ ఆగినట్టు అర్థం. అప్పుడు డిష్‌ను మూడు డిగ్రీలకు మించకుండా దక్షిణం వైపు జరిపి, ఎత్తును ఒక డిగ్రీ కొంచెం పైగా లేపితే అసలు చోటికి వస్తారు.

క్వాలిటీ గీత కదిలాక దానిని గరిష్ఠానికి తేవాలి. పక్కకు తిప్పుతూ గీత పెరిగి, మళ్లీ తగ్గడం మొదలయ్యే రెండు చోట్లనూ పెన్సిలుతో గొట్టం మీద గుర్తు పెట్టి, ఆ రెండింటి నడుమ నిలపండి. అత్యధికంగా కనిపించిన చోటునే ఆగిపోవడం కన్నా ఈ పద్ధతి నమ్మదగినది, ఎందుకంటే బాక్సులో అంకె చాలాసార్లు పైన ఒకే చోట నిలిచిపోయి ఉంటుంది. ఎత్తుకు కూడా ఇలాగే చేయండి. చివరగా ఎల్‌ఎన్‌బిని అటూ ఇటూ కొద్ది కొద్దిగా తిప్పి, క్వాలిటీ అత్యధికంగా ఉన్న చోట బిగించండి. నట్లను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా బిగించకుండా, అన్నిటినీ వంతులవారీగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి; ఒక్క వైపే గట్టిగా తిప్పితే డిష్ ఆ వైపు లాగుతుంది, అంతవరకు పడిన శ్రమ పోతుంది. బిగించాక అరచేతితో డిష్ అంచును మెల్లగా నొక్కి చూడండి. ఏ వైపు నొక్కినా క్వాలిటీ తగ్గితే గురి సరిగ్గా నడుమ ఉన్నట్టు. ఒక వైపు నొక్కినప్పుడు పెరిగితే ఆ వైపు ఇంకా జరపాలి.

వైరు ఆర్‌జీ-6 రకం వాడండి. పాత కేబుల్ టీవీ సన్నని వైరును మిగిలిందని వాడితే ఎల్‌ఎన్‌బి నుంచి వచ్చిన సిగ్నల్ దారిలోనే సన్నగిల్లుతుంది. డిష్ నుంచి టీవీ దాకా 30 మీటర్ల లోపు, మధ్యలో అతుకు లేని ఒకే వైరు ఉండడం ఉత్తమం. కొసలో వైరు తొక్కను తీసేటప్పుడు పైనున్న జాలీని వెనక్కు మడిచి, దాని మీద ఎఫ్ కనెక్టరు (వైరు కొసకు తొడిగే మర బిళ్ల) ఎక్కించి, నడిమి తీగ కనెక్టరు అంచు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు బయటకు వచ్చేటట్లు చూడాలి. ఒక్క జాలీ వెంట్రుక నడిమి తీగను తాకినా ఎల్‌ఎన్‌బికి కరెంటు అందదు. ఎల్‌ఎన్‌బి దగ్గర కనెక్టరు మీద రబ్బరు తొడుగు వేసి, వైరును కొంచెం కిందికి వేలాడే వంపుగా వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది. ఆ వంపు లేకపోతే నీరు వైరు వెంట నడిచి కనెక్టరులోకో, గోడ రంధ్రం గుండా టీవీ వెనుకకో చేరుతుంది.

మన ప్రాంతంలో వాన కన్నా ఎండ ఎక్కువ నష్టం చేస్తుందని నా అనుభవం. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. గట్టి వాన పడే ఆ కొద్దిసేపు సిగ్నల్ పోయినా వాన తగ్గగానే వస్తుంది, దానికి చేయగలిగినది గురిని కచ్చితంగా ఉంచడం, లేదా 90 సెంటీమీటర్ల డిష్‌కు మారడం. ఎండ సంగతి వేరు. నాలుగైదు వేసవులు గడిచేసరికి ఎల్‌ఎన్‌బి నోటి మీది ప్లాస్టిక్ మూత పెళుసై పగులుతుంది, తొలకరిలో నీరు లోపలికి దిగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఛానెళ్లు పోయి, సాయంత్రం చల్లబడ్డాక వాటంతటవే తిరిగి వస్తున్నాయంటే ఎల్‌ఎన్‌బి వేడికి తట్టుకోలేకపోతున్నట్టు. డిష్‌ను ముట్టుకోకుండా ముందు ఎల్‌ఎన్‌బిని మార్చి చూడండి. ఒకవేళ వాన తగ్గిన రెండు మూడు రోజుల దాకా సిగ్నల్ రాకుండా, తరువాత ఎండ కాశాక వస్తే నీరు కనెక్టరులో చేరింది. రాత్రి బాగుండి పొద్దున గాలికి బొమ్మ గళ్లుగా చిట్లుతుంటే నట్టు వదులైంది. కోతులు తిరిగే ఊళ్లలో, ముఖ్యంగా కొండల దగ్గర, రాత్రికి రాత్రి మొత్తం సిగ్నల్ పోతే గురి మారిందని తెలుసుకోవాలి. అందుకే గొట్టం మీద, క్లాంపు మీద పెయింటుతో ఒక అడ్డగీత గీసి ఉంచితే తిరిగి పెట్టడం నిమిషాల పని అవుతుంది. డిష్, క్వాలిటీ రెండూ బాగుండి ఒకటి రెండు ఛానెళ్లే కనిపించకపోతే అవి వేరే ఫ్రీక్వెన్సీకి జరిగి ఉంటాయి, మెనూలో ఆటో స్కాన్ మళ్లీ చేయండి.

ఇంట్లో రెండు టీవీలకు కావాలంటే వైరు తగిలించే చోట్లు రెండు ఉన్న ఎల్‌ఎన్‌బి తెచ్చి, రెండు వేర్వేరు వైర్లు దింపండి. కేబుల్ టీవీకి వాడే చిన్న స్ప్లిట్టరును మధ్యలో పెట్టకండి. సిగ్నల్ బలహీనంగా ఉందని బూస్టరు కొనమని ఎవరైనా చెబితే, వైరు 30 మీటర్లు దాటితే తప్ప వినవద్దు. అది సిగ్నల్‌తో పాటు రొదను కూడా అంతే పెంచుతుంది, క్వాలిటీ గీత అక్కడే ఉంటుంది.

ఏటా ఒకసారి, ఉగాది దాటాక తొలకరికి ముందు, మిద్దె ఎక్కి నట్లను, ఎల్‌ఎన్‌బి మూతను, రబ్బరు తొడుగును చూసుకోండి. ఉరుములు వినిపిస్తున్నప్పుడు మాత్రం మిద్దె ఎక్కవద్దు, డిష్‌ను పట్టుకోవద్దు. కిందనే ఉండి బాక్సు ప్లగ్గును, దాని వెనుక నుంచి డిష్ వైరును ఊడదీయండి. ఊడదీసే పనిని పిడుగులు మొదలయ్యాక కాదు, మబ్బు కమ్మినప్పుడే చేయండి. మా చిన్నమ్మ ఇప్పుడు ఆ పని తానే చేస్తున్నది.